‘ఆపుతున్నాం’ అని చూపించిన నాలుగు రోజులు

ముందుగా ఒట్టు. గోదావరి నీళ్లు తాగి, ఆ నీళ్లతో పండిన అన్నం తిని యాభైకి దగ్గరపడ్డవాణ్ణి. ఆ నీళ్ల మీద, ఆ అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. రామచంద్రపురంలో మా వీధివాళ్లని అడగండి, తుఫాను గాలికి సైకిలెక్కి ఒక్కసారి కూడా తొక్కకుండా కాకినాడ చేరానని నేను చెప్పానంటారు. చెప్పాను. దారిలో రెండు బస్సుల్ని దాటానని కూడా చెప్పాను. అయితే ఏమైంది? ఆ కబురు నమ్మినందువల్ల ఎవరి చేనూ ఎండిపోలేదు.

నేను ప్రోగ్రాములు రాస్తాను. పెద్ద కంపెనీలకి కాదు. కల్యాణమంటపం బుకింగులకి, పళ్ల డాక్టరుగారి దగ్గర టోకెన్లకి, కొబ్బరికాయల లారీ ఏ వంతెన దగ్గర ఇరుక్కుందో చూపించడానికి. జావాస్క్రిప్ట్ ఒక్కటే వచ్చు. అది కూడా ఎవరూ నేర్పలేదు, ఆకలి నేర్పింది. మా ఊళ్లో మాత్రం అందరూ ఇంజనీరుగారూ అనే పిలుస్తారు. కాదని ఒకసారి చెప్పి చూశాను. వినయం అనుకున్నారు.

మా అక్క మొగుడు, అంటే మా బావగారు, కౌలు రైతు. కాకినాడ పోయే వైపు శివారులో రెండున్నర ఎకరాలు చేసేవారు. శివారు అంటే అసలు సిసలు శివారు. పెద్ద కాలువలోంచి చీలిన పంట బోదె ఎనిమిది మంది పొలాలు దాటి, ఆఖరికి ఆయన గట్టు దగ్గర ప్రాణం విడుస్తుంది. ఆ పక్కన మురుగు కాలువ. దాని తర్వాత మడచెట్లు, ఆ తర్వాత సముద్రం. సార్వాకి, అంటే తొలకరి పంటకి, వాన ఉంటుంది కాబట్టి దిగుల్లేదు. దాళ్వాకి, అంటే ఎండాకాలం పంటకి, కాలువ నీళ్లే దిక్కు. గోదావరిలో నీళ్లు తగ్గితే వంతులు పెడతారు. బోదెకి ఇన్ని రోజులని ఇస్తారు, ఆ రోజుల్లో ఒకరి తర్వాత ఒకరు తడుపుకోవాలి. ఆ ఏడు మా బావగారి బోదెకి తొమ్మిది రోజులు వచ్చాయి. తొమ్మిది తూములు, రోజుకొకటి. ఆయనది తొమ్మిదోది.

వంతుల దగ్గర తగువులు మామూలే. అంతకు ముందు ఏడాది పలుగులు లేచాయి, ఇద్దరు ఆసుపత్రి మంచాల మీద పక్కపక్కన పడుకుని కూడా నీళ్ల గురించే తిట్టుకున్నారు. అందుకని నీటి సంఘం ప్రెసిడెంటుగారు మా ఇంటికి వచ్చారు.

"ఇంజనీరుగారూ, మనిషి చెబితే మనిషి వినడండి. ఫోను చెబితే వింటాడు. వంతులు ఫోను చేత చెప్పించండి," అన్నారు.

చెప్పించాను. పని ఇలా జరగాలి. ఒక వంతు టైము అయిపోగానే లస్కరు ఫోనుకి ‘కట్టెయ్’ అని వెళుతుంది. లస్కరు అంటే తూములు ఎత్తే, దించే మనిషి. అతను ఆ తూము దించి, పెద్ద కాలువ దగ్గర తూము కూడా దించి తాళం వేసి, ఫోనులో ‘కట్టేశాను’ అని నొక్కుతాడు. ఆ నొక్కు వచ్చాకే తర్వాతి రైతుకి ‘మీ వంతు’ అని వెళుతుంది. ఫోను చెప్పకుండా ఎవరూ తూము ముట్టుకోకూడదు. వంతుల రికార్డు చేత్తో దిద్దకూడదు. ఆయిలింజను పెట్టి మురుగులోంచి తోడుకున్నవాడు ఆ విడత కాలువ వంతు వదులుకున్నట్టే. ఇవన్నీ సంఘం కట్టుబాట్లు. వీటన్నిటికన్నా పాతది ఇంకొకటి ఉంది, మా తాతల నాటిది: పారుతున్న వంతుని మధ్యలో ఆపకూడదు. అవతలివాడు పగవాడైనా సరే, వాడి చేలోకి నీళ్లు వెళుతుండగా తూము దించకూడదు. వాడి వంతు తీరాకే నీ మాట.

ఈ కట్టుబాటుకి అతికినట్టుండే పద్ధతి జావాస్క్రిప్ట్‌లో దొరికింది. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి ఉన్నాయి, ఎప్పుడొస్తాయో తెలియదు. ప్రోగ్రాము ‘తర్వాతది ఇవ్వు’ అని అడుగుతుంది. అవతల నుంచి వెంటనే సరుకు రాదు, ‘ఇస్తాను, ఉండు’ అని ఒక మాట వస్తుంది. దాన్ని ప్రామిస్ అంటారు. ఆ మాట తీరేదాకా ప్రోగ్రాము అక్కడే కూచుంటుంది. తీరగానే లేచి మళ్లీ ‘తర్వాతది’ అంటుంది. వంతులివ్వడమంటే అదేగా! రాసి చూసుకుని మురిసిపోయి మా ఆవిడకి చూపించాను. "బాగుంది, గ్యాసు కట్టెయ్యండి," అంది.

ఆపడానికి కూడా ఒక మీట పెట్టాను, ప్రెసిడెంటుగారి ఫోనులో మాత్రమే. ఏదైనా తేడా వస్తే నొక్కాలి. నొక్కితే ‘ఆపుతున్నాం’ అని కనబడుతుంది, నిజంగా ఆగాక ‘ఆగింది’ అని మారుతుంది. ‘ఆగింది’ అని వస్తే వంతులు రద్దయినట్టు, ఎవరి దారి వారు చూసుకోవచ్చు. ఆ మీట వెనక ఉన్నదల్లా ఒక చిన్న పిలుపు, రిటర్న్ అంటారు. వంతులిచ్చేదానితో ‘ఇక చాలు, ఇంటికి పో’ అని చెప్పడం.

రెండు వంతులు పెళ్లి భోజనాల్లా సాఫీగా జరిగాయి. మూడో వంతు ముగిసిన సాయంత్రం జరిగింది చెబుతాను, వినండి. లస్కరు మూడో తూము దించుతున్నాడు. మోకాలిలోతు నీళ్లు. తూము కింద సందులోంచి మూరెడు కొర్రమీను బయటికి ఎగిరింది. ఎగిరినదాన్ని ఎవరు వదులుతారు? ఎడమ చేత్తో మెడ దగ్గర ఒడిసి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను ‘కట్టెయ్’ అని మోగింది. చేప తోక అతని చెంప మీద టపా టపా కొడుతుండగా కుడి చేత్తో ఫోను తీసి, నీళ్లు కారుతున్న వేలితో ‘కట్టేశాను’ అని నొక్కాడు. ఫోను అద్దానికి తడివేలు ఆనదు. నొక్కాననుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, చేపని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు నాలుగో రైతుకి మాట రాలేదు. బోదెలో నీళ్లు లేవు, పెద్ద తూముకి తాళం. లస్కరుకి ఫోను చేశారు.

"ఆయ్, కట్టేశానండి. నొక్కానండి కూడా," అన్నాడు.

ప్రోగ్రాము లెక్కలో మాత్రం మూడో వంతు ఇంకా పారుతూనే ఉంది. అతని ఫోనులో ఆ మీట ఒకసారి నొక్కాక మాయమైపోతుంది, మళ్లీ నొక్కడానికి లేదు. ప్రెసిడెంటుగారు నన్ను అడిగి ఆపే మీట నొక్కారు. ‘ఆపుతున్నాం’ అని వచ్చింది.

నేను సంఘం ఆఫీసులో కంప్యూటరు ముందు కూచున్నాను. మధ్యాహ్నానికి మా బావగారు గొడుగేసుకుని వచ్చారు.

"ఏంట్రా, ఆగిందా?"

"ఆగుతోంది బావగారూ."

"ఆగుతోందంటే ఆగినట్టా, ఆగనట్టా?"

"ఆగుతున్నట్టు."

"మీ అక్క కూడా ఆకలేస్తోందంటే వడ్డిస్తున్నానంటుంది. కాకపోతే అక్కడ గిన్నెల చప్పుడైనా వినిపిస్తుంది," అన్నారు.

ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్క్రీను మీద ‘ఆపుతున్నాం’ పక్కన చిన్న చక్రం తిరుగుతోంది. అది కూడా నేను పెట్టిందే. పని జరుగుతోందన్న నమ్మకం కలిగించడానికి.

అది ఎందుకు ఆగలేదో నాకు తెలియడానికి రెండో రోజు దాకా పట్టింది. రిటర్న్ అనే పిలుపు నేననుకున్నట్టు పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని ఆపదు. మర్యాదగా వెళ్లి వరుసలో చివర నిలబడుతుంది. దానికి ముందు అడిగిన ‘తర్వాతది ఇవ్వు’ తేలాలి. అది తేలాలంటే లస్కరు నొక్కు రావాలి. రాదు. మాటిచ్చినవాడు ఇవ్వడు, ఇవ్వనని కూడా అనడు. అడిగినవాడు కూచునే ఉంటాడు, వాడి వెనక ‘ఇక చాలు’ అని చెప్పడానికి వచ్చినవాడు నిలబడే ఉంటాడు. ప్రెసిడెంటుగారు కోపంతో ఆ మీట పదిహేనుసార్లు నొక్కారు. ఆ పదిహేనూ వెళ్లి ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. పారుతున్న వంతుని మధ్యలో ఆపకూడదన్న తాతల కట్టుబాటుని అమెరికావాళ్లు ఎవరో జావాస్క్రిప్ట్‌లో అచ్చుగుద్దినట్టు దింపారని నాకప్పుడు అర్థమైంది.

"పోనీ ప్లగ్గు పీకెయ్యండి ఇంజనీరుగారూ," అన్నారు ప్రెసిడెంటుగారు.

పీకాను. మళ్లీ పెట్టాను. కంప్యూటరు లేచి, కళ్లు నులుముకుని, సరిగ్గా మూడో వంతు దగ్గరికి వెళ్లి మళ్లీ కూచుంది. కరెంటు పోయినా ఎవరి వంతూ పోకూడదని అలా రాసింది నేనే.

"దీని దుంప తెగ! మా మావగారికి కూడా ఇంత జ్ఞాపకం లేదండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

మూడో రోజు బావగారు వచ్చినప్పుడు జోకులెయ్యలేదు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూచున్నారు. లేవబోయాను. భుజం మీద చెయ్యి వేసి కూచోబెట్టారు.

"ఒరే, నాకు నీళ్లిమ్మని అడగటం లేదురా. రావని చెప్పమంటున్నాను. చేను పొట్ట మీదుంది, ఇప్పుడు నీళ్లు తప్పితే గింజ పట్టదు. రావంటే ఇంజను అద్దెకి తెచ్చుకుని మురుగులోంచి తోడుకుంటాను. ఇందాకే నోట్లో వేసుకుని చూశాను, ఇంకా తియ్యగానే ఉన్నాయి. ఎల్లుండి అమావాస్య. సముద్రం పోటు ఎక్కిందంటే ఉప్పు పైకొచ్చేస్తుంది. అప్పుడు తోడినా ఒకటే, తోడకపోయినా ఒకటే."

"మరి తెచ్చుకోండి బావగారూ."

"వంతు రద్దవకుండా ఇంజను పెడితే నా వంతు పోతుంది కదా. పొద్దున్న నేను ఇంజను పెట్టి సాయంత్రం నీ డబ్బా లేచి నీళ్లిచ్చిందనుకో, తొమ్మిదో తూము ఎత్తనివ్వరు. ఒక్క మాట చెప్పరా. వస్తాయా, రావా?"

చెప్పడానికి నా దగ్గర ఉన్నవి రెండే మాటలు, వస్తాయి, రావు. నేను మూడోది చెప్పాను.

"రేపటికి తేలిపోతుంది బావగారూ."

ఆయన లేచి పంచె దులుపుకున్నారు. "నువ్వు కూడా దీని భాషే నేర్చుకున్నావు," అని వెళ్లిపోయారు. మిగతా రైతులకి ఇంత ఇబ్బంది లేదు. కొందరికి బోర్లున్నాయి, కొందరి పొలాలు సముద్రానికి దూరం, అక్కడ మురుగులో ఉప్పు తేలదు. గడువు ఉన్నది ఆయనొక్కరికే.

నాలుగో రోజు మధ్యాహ్నం దారి దొరికింది. దొరికాక సిగ్గేసింది, అంత చిన్నది. ఆపాలంటే అడిగేవాడికీ చెప్పకూడదు, ఇచ్చేవాడికీ చెప్పకూడదు. ఎదురుచూపుకే చెప్పాలి. లస్కరు నొక్కు కోసం కూచున్నప్పుడే దాని చేతికి ఒక తాడు కట్టి, అవతలి కొస మనం పట్టుకోవాలి. దాన్ని అబార్ట్ సిగ్నల్ అంటారు. కొస లాగగానే, కూచున్నది కూచున్నచోటే ‘ఇక రాదు’ అని తెలుసుకుని లేస్తుంది. అది లేస్తే వెనకున్న వరుసంతా కదులుతుంది. నాలుగైదు పంక్తులు. రాశాను. ప్రెసిడెంటుగారు నొక్కారు. నా చక్రం ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. ‘ఆగింది’ అని వచ్చింది. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఫోను వంతులు రద్దయినా బోదెకి ఇంకా రెండు రోజుల నీళ్లు మిగిలాయి. వరుస ప్రకారం నాలుగో తూముకి, ఐదో తూముకి ఇచ్చారు. బావగారు ఆ సాయంత్రమే ఇంజను కోసం తిరిగారు. ఊళ్లో ఉన్న రెండూ అప్పటికే పనిలో ఉన్నాయి. మర్నాడు, అమావాస్యనాడు, ఎక్కడో యానాం వైపు నుంచి ఒకటి ట్రాక్టరు మీద వేసుకొచ్చారు. నేనూ వెళ్లాను. ఇంజను దించి, పైపు మురుగులో వేసే ముందు ఆయన గట్టు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నారు. పుక్కిలించారు. ఉమ్మేసి ట్రాక్టరువాడి వైపు తిరిగి, "ఎక్కించెయ్ బాబూ. వచ్చిన శ్రమ నీకు దండగ అయింది," అన్నారు.

నావైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత సంఘం ఆఫీసులో కూచున్నారు అందరూ, తప్పెవరిదో తేల్చడానికి. లస్కరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను నీళ్లగ్లాసు తెప్పించి, అందులో వేలు ముంచి, నా ఫోను అద్దం మీద నొక్కి చూపించాను. పలకలేదు. గుడ్డతో తుడుచుకుని నొక్కాను. పలికింది. మళ్లీ ముంచాను, మళ్లీ పలకలేదు. గారడీ చూస్తున్నట్టు అందరి మెడలూ సాగాయి. కొర్రమీను సంగతి కూడా చెప్పాను, తోక చెంప మీద కొట్టిన చోట చేత్తో అభినయించి మరీ చెప్పాను. ప్రెసిడెంటుగారు పడీపడీ నవ్వారు. మా బావగారు నవ్వలేదు. లస్కరు వైపు తిరిగి, "చేప కూర రుచిగా ఉందా?" అని మాత్రం అడిగారు.

"చేపేం లేదండి," అన్నాడు లస్కరు. తర్వాత తన అరచేతిని చూసుకున్నాడు. "చెయ్యి తడిగానే ఉండి ఉంటుందిలెండి. మా చేతులెప్పుడూ తడేగా."

వారం తిరగకుండా అతన్ని కాలువ మీంచి తీసేశారు.

చేను మెల్లిగా చచ్చింది. ముందు నెర్రెలు పడ్డాయి, మా అక్క పాదం పట్టేంతవి. వెన్నులు బయటికి వచ్చాయి, కానీ తెల్లగా వచ్చాయి. దూరం నుంచి చూస్తే వెన్నెల్లో తడిసినట్టు అందంగా ఉన్నాయి. గింజ పట్టుకుని నొక్కితే లోపల ఏమీ లేదు, తాలు. తర్వాతి విడత వంతులు పది రోజులకి వచ్చాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు. తొమ్మిదో వంతు మాట సరిగ్గా టైముకి బావగారి ఫోనుకి వచ్చింది: ‘మీ వంతు’. ఆయన వెళ్లి తూము ఎత్తారు. ఎందుకెత్తారో నాకు తెలియదు. చచ్చిన చేలోకి నీళ్లు పారుతుంటే గట్టు మీద కూచుని టైము అయ్యేదాకా చూశారట. మా అక్క చెప్పింది. కోత మిషను పిలవలేదు, గేదెలకి వదిలేశారు. ఆ ఏడే కౌలు వదులుకున్నారు. ఇప్పుడు కాకినాడలో ఎరువుల గోడౌను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూచుంటారు. వచ్చే లారీ, పోయే లారీ.

ఇక ఒట్టు సంగతి.

కొర్రమీను లేదు. అది నేను పుట్టించింది. తడివేలు కూడా నేను పుట్టించిందే. తడివేలికి ఫోను పలకకపోవడం నిజమే, అందుకే ఆ కబురు అంత బాగా అతికింది. రెండో రోజు, ప్లగ్గు పీకే ముందే, నేను రికార్డు తెరిచి చూశాను. మూడో వంతు దగ్గర లస్కరు నొక్కు వచ్చి ఉంది. ‘కట్టెయ్’ వెళ్లిన మరుక్షణమే వచ్చింది. వంతు టైము అయ్యేసరికి అతను తూము దించి, తాళం వేసి, మాట ఎప్పుడొస్తుందా అని ఫోను చేత్తో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడన్నమాట. నా ప్రోగ్రాము ముందు కబురు పంపి, ఆ తర్వాత తీరిగ్గా చెవి పెడుతుంది. ఆ రెండు పంక్తులు తారుమారుగా రాశాను. మొదటి రెండు వంతులకి అతను కబురు వచ్చాకే తూము దించాడు కాబట్టి సరిపోయింది. అతను అంత చురుగ్గా ఉంటాడని అనుకోలేదు. నొక్కు వచ్చినప్పుడు వినేవాళ్లు లేరు. వినడం మొదలుపెట్టాక ఇక నొక్కు రాలేదు.

ఆ రికార్డు ప్రెసిడెంటుగారికి అప్పుడే చూపించి ఉంటే, నొక్కు వచ్చింది కాబట్టి మూడో వంతు తీరినట్టే లెక్క అని ఫోను వంతులు ఆయనే రద్దు చేసి ఉండేవారు. మురుగులో నీళ్లు అప్పటికి ఇంకా తియ్యగానే ఉన్నాయి. చూపించలేదు. ఇంజనీరుగారూ అనిపించుకోవడం అలవాటైపోయింది.

పోయినేడు రావులపాలెంలో అరటిగెలల సందులో ఆ లస్కరు కనిపించాడు, లోడింగు చేస్తున్నాడు. గెల దించి దగ్గరికి వచ్చాడు. "బాగున్నారా అండి? బావగారు బాగున్నారా?" అని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన చేను నా చేత్తో ఎండబెట్టానండి. ఆ రోజు వేలు తుడుచుకోవలసిందండి," అన్నాడు.

పోనీలే, అన్నాను. అంతే అన్నాను.

మా బావగారు ఇప్పటికీ ఆ మనిషిని తిడతారు. ఆదివారాలు వాళ్లింటికి భోజనానికి వెళతాను. అన్నం కలుపుతూ కలుపుతూ ఆయన అతన్ని తిడుతుంటే, నేను పక్కనే కూచుని ఔనంటాను.